ఏడవ దినమున మరల పరీక్ష

గృహకూటముల అధ్యయన పాఠము
వాక్యభాగములు: లేవీయకాండము 13:1-8, 14:1-8, మత్తయి 4:5-7, మార్కు 2:1-12



మన సంఘములలో రోగనిరోధక శక్తిని అణచిపెట్టే మందులు వాడేవారు మనము అనుకొనేదానికంటె ఎక్కువమందే ఉన్నారు. కిడ్నీ మార్పిడి జరిగినవారు, కీళ్లవాతము ఉన్నవారు, లూపస్ జబ్బు ఉన్నవారు, క్యాన్సరు చికిత్సలో ఉన్నవారు ఆదివారము మన పక్కనే కూర్చుంటారు. చూపులకు అందరివలె ఉంటారు కాబట్టి మనకు తెలియదు. వారు కూడ చెప్పుకొనరు. వీరికి డాక్టరు మాత్రలతో పాటు ఇంకొక పని కూడ అప్పగిస్తాడు. నెలకో, రెండు నెలలకో, మూడు నెలలకో ఒకసారి వెళ్లి రక్తము ఇచ్చి రావాలి. జ్వరము లేకపోయినా, నొప్పి లేకపోయినా వెళ్లాలి.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు వీరిని రాత్రిళ్లు నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే. "జబ్బుపడినవారందరు చేరే చోటికి, జబ్బును తట్టుకొనే శక్తి తక్కువగా ఉన్న నేను, ఒంట్లో బాగానే ఉన్నప్పుడు ఎందుకు వెళ్లాలి?" ఈ ప్రశ్నకు మన సంఘములలో రెండు రకముల జవాబులు వినబడ్డాయి. కొందరు, దేవుడు కాపాడతాడు, ఏమీ ఆలోచించకుండా వెళ్లు అన్నారు. కొందరు, దేవుడు కాపాడతాడు, టెస్టులు మానేసి ఇంట్లో ఉండు అన్నారు. రెండు జవాబులలోను దేవుని పేరు ఉన్నది. రెండింటిలోను డాక్టరును అడుగు అన్న మాట లేదు.

ఆ రోజులు పోయాయి గదా, ఈ పాఠము ఇప్పుడెందుకు అని కొందరు అడగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించిన మాట నిజమే. అయితే ఆ వైరస్ మనలను విడిచి పోలేదు. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వము డెంగ్యూను అంటువ్యాధిగా ప్రకటించింది. 2025 మే నెలలో బెంగళూరులో మరల కోవిడ్ కేసులు కనబడినప్పుడు ఒక సహోదరి ఆరాధన అయిన వెంటనే నా దగ్గరకు వచ్చి, "అంకుల్, ఈ నెల టెస్టు మానేయనా?" అని అడిగినది. ఐదు సంవత్సరముల క్రిందటి భయము అంతా ఆమె కళ్లలో ఉన్నది. కాబట్టి నిదానముగా ఉన్న సమయములోనే ఈ సంగతి నేర్చుకొనుట మంచిది. పరీక్ష హాలులో కూర్చున్న తరువాత పాఠము చదువుట ఏ విద్యార్థికి సాధ్యము?

ఈ పరీక్ష దేనికొరకు?

ముందు ఇది తెలియకపోతే తరువాతి మాటలన్నీ గాలిలో ఉంటాయి. మన శరీరములో పరాయి వస్తువును గుర్తుపట్టి దానితో పోరాడే కాపలా ఒకటి ఉన్నది. తల్లి ఇచ్చిన కిడ్నీనైనా సరే, ఆ కాపలా పరాయిదనే అనుకొని దానిమీదికి వెళ్తుంది. కీళ్లవాతములో, లూపస్‌లో అయితే సొంత కీళ్లనే, సొంత అవయవములనే శత్రువు అనుకొంటుంది. అందుకని ఆ కాపలాను కొంత నిదానింపజేయుటకు మందులిస్తారు. ఎక్కువ ఇస్తే చిన్న జలుబు కూడ పెద్దదవుతుంది. తక్కువ ఇస్తే అవయవము పోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దారి ఇరుకైనది. మనిషి ముఖము చూచి ఆ దారిలో ఉన్నాడా లేడా అని ఏ డాక్టరూ చెప్పలేడు. రక్తము చెప్పాలి.

కిడ్నీ మార్పిడి జరిగినవారు చాలామంది టాక్రోలిమస్ అనే మందు వాడతారు. రక్తములో ఆ మందు ఎంత ఉన్నదో కొలుస్తారు. తగ్గితే శరీరము కొత్త కిడ్నీని త్రోసివేయుట మొదలుపెడుతుంది. పెరిగితే ఆ మందే కిడ్నీని పాడుచేస్తుంది, చేతులు వణుకుతాయి. నాలుగు రోజులు విరేచనములు పట్టుకుంటే చాలు, రక్తములో దాని మోతాదు పెరిగిపోవచ్చు. కొన్ని యాంటిబయాటిక్ మాత్రలతోను, ఫంగస్ మందులతోను కూడ అలాగే జరుగుతుంది. కోవిడ్‌కు ఇచ్చే మందులలో రిటోనవిర్ కలిసినది వాడితే ఇంకా బాగా పెరుగుతుంది. క్రియాటినిన్ అనే లెక్క కిడ్నీ పనితనమును చూపిస్తుంది. కిడ్నీ దెబ్బతినుట మొదలైన రోజులలో చాలామందికి నొప్పి ఉండదు, మూత్రము ఆగదు. ఆ లెక్క మాత్రమే నెమ్మదిగా పైకి ఎక్కుతుంది.

కీళ్లవాతమునకు వాడే మెథోట్రెక్సేట్ వారమునకు ఒక్కరోజే వేసుకోవలసిన మందు. (ఈ మాట మరల చెబుతున్నాను: వారమునకు ఒక్కరోజే. దీనిని పొరపాటున ప్రతిదినము మ్రింగి ప్రాణము మీదికి తెచ్చుకున్నవారు ఎన్నో దేశములలో ఉన్నారు. చీటీ మీద ఏ వారమో తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టుకోండి.) ఇది కాలేయమునకు, ఎముక మూలుగకు చెరుపు చేయవచ్చు గనుక రక్తకణముల లెక్క, కాలేయపు పరీక్ష, క్రియాటినిన్ చూస్తారు. అజాథయోప్రిన్ వాడేవారిలో తెల్లకణములు పడిపోవచ్చు. స్టెరాయిడ్ మాత్రలతో చక్కెర పెరుగుతుంది. ఇంకొక సంగతి: స్టెరాయిడ్ వాడేవారికి లోపల జబ్బు ఉన్నా జ్వరము పైకి కనబడకపోవచ్చు. ల్యాబ్ గుమ్మము దగ్గర నుదుటికి తుపాకీ వంటి థర్మామీటరు చూపించి "నార్మల్" అన్నంతమాత్రాన వీరు ఆరోగ్యముగా ఉన్నట్టు కాదు.

యాజకుడు చూచెను, ఏడు దినములు ఆగెను, మరల చూచెను

ఇప్పుడు లేవీయకాండము 13వ అధ్యాయము తెరవండి. మనలో చాలామంది ఈ అధ్యాయమును త్వరత్వరగా దాటిపోతాము. కాని ఒక్కసారి పలక మీద గీసినట్టు దాని వరుస చూడండి. ఒకని చర్మము మీద మచ్చ కనబడుతుంది. అతడు యాజకుని దగ్గరకు తేబడతాడు. యాజకుడు చూస్తాడు. సందేహముగా ఉంటే ఏడు దినములు వేరుగా ఉంచుతాడు. ఏడవ దినమున మరల చూస్తాడు. మచ్చ అలాగే ఉంటే ఇంకొక ఏడు దినములు. ఆ ఏడవ దినమున మూడవసారి చూస్తాడు. అప్పుడు గాని తీర్పు చెప్పడు.

ఈ అధ్యాయమంతటిలో యాజకుడు ఒక్క మందైనా ఇవ్వడు. ఒక్క స్వస్థత ప్రార్థనైనా చేసినట్టు వ్రాయబడలేదు. అతని పని చూచుట, గుర్తుపెట్టుకొనుట, పోల్చుట. మొదటిసారి చూచినదానికి, రెండవసారి చూచినదానికి తేడా ఉన్నదా? వ్యాపించినదా, నిలిచినదా, తగ్గినదా? ఇదే మామూలు రక్తపరీక్ష చేసే పని. ఒక్క రిపోర్టు ఒక్క అంకె మాత్రమే చెబుతుంది. వరుసగా ఆరు రిపోర్టులు ప్రక్కప్రక్కన పెడితే అవి ఒక కథ చెబుతాయి. మధ్యలో రెండు పోతే ఆ కథలో ఎక్కడ మలుపు తిరిగినదో ఎవరికీ తెలియదు.

బాధ లేనప్పుడు టెస్టుకు వెళ్లుట దేవుని అనుమానించుట అని చెప్పేవారికి ఈ అధ్యాయము చూపించండి. మరల మరల చూపించుకొనుమని ఆజ్ఞాపించినవాడు దేవుడే. ఆ మాటకొస్తే మన బాప్టిస్టుల చరిత్ర కూడ చూపించవచ్చు. ఒంగోలులో క్లౌ దొరగారి పేరు మీద ఆసుపత్రి వెలసినది. ఈ బెంగళూరులోనే బళ్లారి రోడ్డున హెబ్బాళలో బాప్టిస్టు ఆసుపత్రి 1973లో మొదలైనది. ఒక చేతితో ఆసుపత్రి కట్టి, ఇంకొక చేతితో రక్తపరీక్షను అవిశ్వాసమనుట మనకు తగదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ అధ్యాయము చదివి ఎవరూ మన సహోదరిని అపవిత్రురాలు అన్నట్టు చూడకూడదు. తెలుగులో కుష్ఠు అని చదువుతున్న మాట మూలభాషలో అనేక చర్మరోగములకు, బట్టకు పట్టిన బూజుకు, ఇంటి గోడకు పట్టిన మరకకు కూడ వాడబడింది. మన కాలములో అయితే సంగతి తలక్రిందులుగా ఉన్నది. అక్కడ పాళెమును కాపాడుటకు రోగిని వెలుపల ఉంచారు. ఇక్కడ మన వలన ఆమెకు ఏమి అంటుకొనునో అని ఆమె లోపల ఉన్నది. జాగ్రత్త పడవలసినది మనము.

14వ అధ్యాయము మూడవ వచనమును నేను చాలాసార్లు చదివినా 2020 వరకు దానిని సరిగా గమనించలేదు. కోలుకున్నవాడు పాళెము లోపలికి రాలేడు. కాబట్టి యాజకుడే పాళెము వెలుపలికి అతని దగ్గరకు వెళ్లి చూడాలి. పరీక్ష ఆగలేదు, పరీక్ష చేసే చోటు మారినది.

బెంగళూరులో ఏమి జరిగినది

2020 మార్చి 9న కర్ణాటకలో మొదటి కోవిడ్ కేసు మన బెంగళూరులో తేలినది. మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్. విక్టోరియా ఆసుపత్రిని కోవిడ్ రోగులకు కేటాయించారు. ఆసుపత్రి అన్న మాట వింటేనే జనము జడిసే పరిస్థితి వచ్చినది. మన ఊరు ఇటువంటి భయమును మొదటిసారి చూడలేదు. 1898లో ప్లేగు వచ్చినప్పుడు ఇరుకు పేటలనుండి జనము లేచిపోయారు, మల్లేశ్వరము, బసవనగుడి పేటలు పెరుగుటకు ఆ ప్లేగే పెద్ద కారణము. ఈనాడు ఆ పేటలలో కాపురమున్న మనవారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

లాక్‌డౌన్ ఉత్తరువులో ఆసుపత్రులు, మందుల షాపులతో పాటు ల్యాబులు కూడ తెరచి ఉంచవచ్చునని స్పష్టముగా ఉన్నది. మే నెలాఖరున వచ్చిన ఉత్తరువులో 65 సంవత్సరములు దాటినవారు, దీర్ఘరోగములు ఉన్నవారు, గర్భిణులు, పదేండ్లలోపు పిల్లలు ఇంట్లోనే ఉండాలని సలహా ఇచ్చారు. ఆ వాక్యమునకు ఒక తోక ఉన్నది: అత్యవసర పనులకు, ఆరోగ్య అవసరములకు తప్ప. మనవారు వాక్యము మొదటి సగము చదివి ఆగిపోయారు. లేఖనమునైనా, సర్కారు ఉత్తరువునైనా సగము చదివితే ఇదే చిక్కు.

వలస వచ్చిన మనకు ఇంకొక చిక్కు కూడ ఉన్నది. చాలామందికి ఆపరేషను హైదరాబాదులోనో, వేలూరులోనో జరిగి ఉంటుంది. డాక్టరు అక్కడ, మనిషి ఇక్కడ. రాష్ట్రపు సరిహద్దులు మూసినారు. మే నెలలో సేవా సింధు అనే ప్రభుత్వ పోర్టల్‌లో పాసు కోరి గాని ఊరు దాటలేకపోయాము. అయితే 2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వము టెలిమెడిసిన్ మార్గదర్శకములు విడుదల చేసినది. ఫోనులోనో, వీడియోలోనో రోగిని విచారించి మందు వ్రాయుటకు డాక్టర్లకు స్పష్టమైన నియమములు ఏర్పడినవి. బెంగళూరులో రక్తము ఇచ్చి, రిపోర్టు వాట్సాప్‌లో హైదరాబాదుకు పంపి, సాయంత్రము డాక్టరుతో మాట్లాడే దారి తెరచుకున్నది. ఆ దారి ఇప్పుడు కూడ ఉన్నది.

ఇప్పుడు మా సంఘములోని ఒక సహోదరి సంగతి చెబుతాను. ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాను, పేరు మాత్రము వద్దన్నది. ప్రకాశం జిల్లా మనిషి. తల్లి ఇచ్చిన కిడ్నీతో బ్రతుకుతున్నది. భర్త ఇక్కడ ఉద్యోగి. 2020 ఏప్రిల్‌లో టెస్టుకు పోలేదు. మే నెలలోను పోలేదు. ఎవరు ఫోను చేసినా "బాగానే ఉన్నాను, దేవుని కృప" అనేది. జూన్ మొదటి వారములో డాక్టరు ఫోనులో గట్టిగా చెబితే ఒప్పుకున్నది. ల్యాబ్‌వారే ఇంటికి మనిషిని పంపారు. అపార్టుమెంటు అసోసియేషనువారు ఆ అబ్బాయిని లోపలికి రానివ్వలేదు. చివరికి గేటు ప్రక్కన చెట్టుక్రింద ప్లాస్టిక్ కుర్చీ వేసి అక్కడే రక్తము తీశారు. పాళెము వెలుపల అంటే నాకు ఇప్పుడు ఆ కుర్చీ జ్ఞాపకము వస్తుంది.

రిపోర్టులో క్రియాటినిన్ పెరిగి ఉన్నది. టాక్రోలిమస్ ఉండవలసినదానికంటె బాగా తక్కువ. ఎందుకు తగ్గినదని డాక్టరు అడిగితే అప్పుడు చెప్పినది: రెండు నెలలనుండి రాత్రి మాత్ర మానేస్తున్నదట. "ఇమ్యూనిటీ తగ్గించే మాత్ర ఈ రోజుల్లో ఎందుకమ్మా వేసుకుంటావు?" అని ఊరినుండి దగ్గర బంధువు ఒకరు ఫోనులో చెప్పారు. ప్రేమతోనే చెప్పారు. భర్తకు తెలియదు, తల్లికి తెలియదు, ప్రతి శుక్రవారము ఆమెతో కలిసి ఫోనులో ప్రార్థన చేసిన మనకెవరికీ తెలియదు. చెట్టుక్రింద తీసిన రెండు చిన్న గొట్టముల రక్తమునకు తెలిసినది. మాత్ర మరల సరిగా వేసుకున్నది, పది రోజులకొకసారి పరీక్ష చేశారు, కొన్ని వారములకు లెక్క దిగినది. ఇంకొక రెండు నెలలు అలాగే సాగి ఉంటే ఏమయ్యేదో ఆమె తల్లి తలచుకొనుటకు కూడ ఇష్టపడదు. రెండవ కిడ్నీ ఇచ్చుటకు ఎవరున్నారు?

దీనికి ఎదురు సంగతి కూడ ఉన్నది. కీళ్లవాతము ఉన్న ఒక పెద్ద సహోదరునికి ఎన్నో ఏండ్లుగా రిపోర్టులు నిలకడగా ఉన్నాయి. మూడు నెలలకు ఒకసారి చాలునని డాక్టరు చెప్పినా, అలవాటు చొప్పున ప్రతి నెలా కిక్కిరిసిన ల్యాబుకు పోయేవాడు. ఇది శ్రద్ధ కాదు, మొండితనము. నిలకడగా ఉన్నవారికి వ్యవధి పెంచవచ్చు; కొత్తగా మందు మొదలుపెట్టినవారికి, మోతాదు మారినవారికి పెంచుట ప్రమాదము. ఏది ఎవరికి అన్నది సంఘపెద్ద చెప్పేది కాదు, బంధువు చెప్పేది కాదు.

భయపడినవారిని నేను తప్పుపట్టను. 2021 ఏప్రిల్, మే నెలలలో మన సంఘములలో ఎన్ని ఇండ్లలో ఏడ్పు వినబడినదో మీకు తెలుసు. ఆక్సిజన్ కొరకు, పడక కొరకు రాత్రంతా ఫోనులు చేసినవారము మనమే. ఆ భయము వట్టిది కాదు. కాని భయము ఒక్క వైపుకే చూస్తుంది. ల్యాబ్ గుమ్మములో ఉన్న అపాయము దానికి కనబడుతుంది, ఇంట్లో మంచము మీద నిశ్శబ్దముగా పెరిగే అపాయము కనబడదు.

దేవాలయ శిఖరము మీద

ఆ రోజులలో 91వ కీర్తన మన ఇండ్లలో ఎక్కువగా చదువబడినది. తెగులునుండి కాపుదల గురించిన ఆ కీర్తనను గోడకు అంటించినవారు, వాట్సాప్‌లో పంపినవారు ఎందరో. మంచిదే. అయితే అదే కీర్తనను సాతాను కూడ చేతపట్టుకున్నాడని మరువకూడదు. మత్తయి 4వ అధ్యాయములో ప్రభువును దేవాలయ శిఖరము మీద నిలువబెట్టి, క్రిందికి దుముకుము, దూతలు పట్టుకొందురని వ్రాయబడియున్నది గదా అన్నాడు. ప్రభువు ఆ కీర్తన అబద్ధమనలేదు. దేవుని శోధింపకూడదనే మరియొక లేఖనముతో జవాబిచ్చి, మెట్లు ఉన్న చోట దూకుటకు నిరాకరించాడు. మాస్కు లేకుండా గుంపులో నిలబడుట దూకుట అయితే, డాక్టరు చెప్పిన పరీక్ష మాని ఇంట్లో కూర్చుండుట కూడ దూకుటే. దానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది, అంతే.

ఇదే సందర్భములో కషాయముల సంగతి చెప్పక తప్పదు. ఇమ్యూనిటీ పెంచుకోవాలని 2020లో ఇంటింట తిప్పతీగ మరిగించారు. ఇక్కడి దుకాణములలో దానినే అమృతబళ్లి అని అమ్ముతారు. 2021లో ముంబయి డాక్టర్లు, తిప్పతీగ వాడిన తరువాత కాలేయము దెబ్బతిన్న ఆరుగురి సంగతి వైద్య పత్రికలో ప్రకటించారు. అందరికీ అలా జరుగుతుందని కాదు. అయితే మన సహోదరి శరీరములో కాపలాను నిదానింపజేయుటకు డాక్టరు మందు ఇస్తుంటే, అదే కాపలాను రేపుతుందని చెప్పే కషాయము మనము ప్రేమతో గ్లాసులో పోసి ఇస్తే ఏమి చేసినట్టు? స్త్రీల సమాజము అక్కలు దయచేసి దీనిని ఆలోచించాలి. పంపరపనస జాతి పండ్లు కూడ టాక్రోలిమస్‌తో పడవు. రోగిని చూడబోయేటప్పుడు ఏమి తీసుకువెళ్లాలో ముందు అడగండి.

లూపస్ ఉన్నవారికి ఇంకొక కష్టము వచ్చినది. వారు ఏండ్లతరబడి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర కోవిడ్‌ను ఆపుతుందన్న మాట 2020 మార్చిలో ప్రబలింది. అవసరము లేనివారు డబ్బాలు డబ్బాలుగా కొని దాచారు, అవసరమైనవారికి దొరకలేదు. మార్చి 26న ప్రభుత్వము దాని అమ్మకమును కట్టడి చేయవలసి వచ్చినది. దాచినవారిలో మనవారు లేరని చెప్పగలమా?

కప్పు విప్పిన నలుగురు

మార్కు 2వ అధ్యాయములో పక్షవాతము గలవానిని నలుగురు మోసికొని వచ్చారు. యేసు ఇంట్లో ఉన్నాడు, కాని గుంపు వలన దగ్గరకు పోలేకపోయారు. ఈ గుంపు ఎవరు? శత్రువులు కారు. వాక్యము వినవచ్చినవారు. మంచివారే అడ్డుగా నిలబడ్డారు. నలుగురు గుంపును నెట్టుకొని రోగిని లోపలికి త్రోయలేదు, ఇంటికి తిరిగి పోనూ లేదు. ఇంకొక దారి తీశారు. ప్రభువు వారి విశ్వాసము చూచెనని వ్రాయబడినది. ఆ విశ్వాసము చేతులతో పెంకులు తీసే విశ్వాసము.

ఆ సహోదరి విషయములో జూన్ తరువాత మా సంఘములో జరిగినది ఇటువంటిదే. డాక్టరు ఇచ్చిన తేదీలను ఒక యౌవనస్థుడు వ్రాసుకున్నాడు. ఇంటికి మనిషి రాని రోజులలో ఉదయము ఆరున్నరకు, ల్యాబ్ తెరిచే వేళకు, తన కారు కిటికీలు దించి తీసుకువెళ్లాడు. ముందు ఫోను చేసి రద్దీ లేని సమయము ల్యాబ్‌వారినే అడిగాడు. ఆమెను కారులోనే కూర్చుండబెట్టి, వంతు వచ్చిన తరువాత పిలిచాడు. ఎన్-95 మాస్కు, సబ్బుతో చేతులు కడుగుకొనుట, తిరిగి వచ్చి బట్టలు మార్చుకొనుట. లేవీయకాండములో కూడ బట్టలు ఉదుకుకొనుట ఉన్నది, గమనించండి.

టాక్రోలిమస్ పరీక్షకు వెళ్లేవారికి ఒక ముఖ్యమైన మాట. రక్తము రాత్రి మాత్ర వేసుకున్న పండ్రెండు గంటలకు, ఉదయము మాత్ర వేసుకొనకముందు ఇవ్వాలి. మాత్ర వేసుకొని వెళ్తే లెక్క తప్పుగా వస్తుంది, డాక్టరు తప్పు మోతాదు వ్రాస్తాడు. మాత్రను సంచిలో పెట్టుకొని వెళ్లి, రక్తము ఇచ్చిన వెంటనే వేసుకోండి. సాధ్యమైనంతవరకు ప్రతిసారి ఒకే ల్యాబులో చేయించండి. ల్యాబ్ మారితే లెక్కలో కొద్ది తేడా రావచ్చు. రిపోర్టులన్నిటిని తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టండి. దగ్గు, జ్వరము, విరేచనములు ఉంటే ముందు డాక్టరుకు ఫోను చేసిన తరువాతే బయలుదేరండి. మాత్రను మీ అంతట మీరు ఎన్నడూ ఆపకండి, ముఖ్యముగా స్టెరాయిడ్‌ను.

టీకాలు వచ్చిన తరువాత కూడ మరల ఇదే ప్రశ్న. 2021 మార్చి 1న 60 దాటినవారితో పాటు, 45 నుండి 59 లోపు దీర్ఘరోగులకు టీకా మొదలైనప్పుడు, అవయవ మార్పిడి జరిగినవారు, ఈ మందులు వాడేవారు ఆ జాబితాలో ఉన్నారు. కోవిషీల్డ్, కోవాక్సిన్ రెండును శరీరములో పెరిగే బ్రతికిన వైరస్ టీకాలు కావు గనుక వీరికి ఇవ్వవచ్చునన్నారు. అయితే ఈ మందులు వాడేవారిలో టీకా బలము తక్కువగా ఉంటుంది. టీకా వేయించుకున్నావు గదా, ఇంకా మాస్కు ఎందుకని ఆరాధనలో ఆమెను ఎగతాళి చేసినవారు ఈ ఒక్క సంగతి తెలుసుకొని ఉంటే బాగుండేది.

2020 జూన్ 8న ఆరాధన స్థలములు తెరచుటకు అనుమతి వచ్చినది. ఆమె మాత్రము చాలాకాలము రాలేదు. బల్లలో పాలుపొందుటలేదని కొందరు చెవులు కొరుక్కున్నారు. వారికి నేను 1877, 1878 సంవత్సరములను జ్ఞాపకము చేశాను. ఆ గొప్ప కరువులో, అన్నము కొరకు బాప్తిస్మము అడుగుతారేమోనని క్లౌ దొరగారు సుమారు పదిహేను నెలలు బాప్తిస్మములే ఆపివేశారు. కరువు పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆయన ఆగుటను ఎవరూ అవిశ్వాసమనలేదు గదా అని అడిగితే, ఆ రోజుకు మాట ఆగినది.

కూటము నడిపించువారికి

ఈ పాఠమును రెండు వారములుగా తీసుకోండి. మొదటి వారము లేవీయకాండము మాత్రమే చదివించి, యాజకుడు ఎన్నిసార్లు చూచెనో పిల్లలచేత లెక్కపెట్టించండి. రెండవ వారము మార్కు 2వ అధ్యాయము చదివిన తరువాత ఈ ప్రశ్న అడగండి: మన వీధిలో ఆ నలుగురు ఎవరు, ఆ గుంపు ఎవరు? ఎవరికి ఏ జబ్బో అందరిముందు అడగవద్దు. చెప్పదలచినవారు పాస్టరుగారికిగాని, స్త్రీల సమాజము పెద్దకుగాని వేరుగా చెప్పుకొందురు. కారు ఉన్నవారి పేర్లు, తెల్లవారుజామున రాగలవారి పేర్లు, కన్నడ చీటీ చదివి చెప్పగలవారి పేర్లు ఒక కాగితము మీద వ్రాయించి సంఘపు పుస్తకములో పెట్టండి. మా కూటములో ఆ కాగితము మీద ప్రస్తుతము ఏడు పేర్లు ఉన్నాయి. ఆ సహోదరి తరువాతి పరీక్ష వచ్చే నెల మొదటి సోమవారము. ఆ ఉదయము ఎవరు వెళ్తారో ఇంకా తేలలేదు.